పెద్దా చిన్నా పెట్టెల కంపెనీ

ఆ ఇంటి కోడళ్ళిద్దరికీ కన్నవాళ్ళు పెట్టిన పేర్లు ఉండే ఉంటాయి. అత్తగారు వాటిని గుమ్మం దగ్గరే వదిలించేసింది. పెద్దకొడుకు భార్యను పెద్దా అంది, చిన్నకొడుకు భార్యను చిన్నా అంది, అక్కడితో ఆ సంగతి తేలిపోయింది. పేపరు వేసేవాడి దగ్గర్నుంచి కరెంటు మీటరు చూసే మనిషి దాకా అందరికీ వాళ్ళు పెద్దది, చిన్నదే. తీరా చూస్తే వయసులో చిన్నదే కొన్ని నెలలు పెద్ద. ఆ విషయం బయటపడ్డ రోజు తోడికోడళ్ళిద్దరూ వంటింట్లో కూర్చుని నవ్వీ నవ్వీ పొయ్యి మీది పాలన్నీ పొంగబెట్టారు. అయినా చిన్నది ‘అక్కా’ అనడం మానలేదు. వరస వరసే.

ఇది పెద్ద కథేమీ కాదు, పెద్దదాని కథ. ఆమెకు ఆ వీధిలో నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళు ఆమె చిన్నదానితో మాట్లాడుతుండగా ఎన్నడూ వినలేదు. అత్తగారి ముందు ‘ఊఁ’, ‘ఆఁ’ తప్ప పలకని మనిషి, వెనకగదిలో తలుపు దగ్గరికి వేసుకున్నాక మొదలుపెడితే, చిన్నది చేతులు జోడించి “అక్కా, కాస్త ఊపిరి పీల్చుకో” అనాల్సి వచ్చేది. మాటలు లేని మనుషులంటూ ఉండరు, వినేవాళ్ళు దొరకని మనుషులే ఉంటారు. పెద్దదానికి అదృష్టం కొద్దీ ఇంట్లోనే దొరికింది.

పెట్టెల పని ఆ వెనకగదిలోనే మొదలైంది. మామగారు పోయాక గది ఖాళీగా పడి ఉంది. వీధి చివర చెప్పుల దుకాణం ఆయన, తను తెప్పించుకునే అట్టపెట్టెలు దారిలోనే నలిగిపోతున్నాయని ఒకరోజు వాపోతుంటే చిన్నది వింది. వినడంతో ఊరుకోక నలిగిన పెట్టె ఒకటి అడిగి ఇంటికి తెచ్చింది. ఇద్దరూ దాని అతుకులు విప్పి నేల మీద పరిచి చూశారు. ఇంతేనా అనుకున్నారు. ఇంతే కాదని తర్వాత తెలిసింది. పెట్టె చెయ్యడం ఎవరికైనా వస్తుంది, మూత దగ్గరే తిప్పలు. అడుగు పెట్టె కంటే మూత అట్ట మందమంత పెద్దగా ఉండాలి. అంతకు తగ్గితే ఎక్కదు, మించితే నిలవదు. పెద్దది ఇనుప స్కేలు ఆనించి కోసేది. చిన్నది మొద్దుకత్తితో గీత నొక్కి, మడిచి, జిగురు రాసేది. కోసేది ఒకరు, మడిచేది ఒకరు అయినప్పుడు మూత సరిపోవాలంటే ఆ ఇద్దరికీ చేయి కలవాలి. వీళ్ళకి కలిసింది.

అప్పుడే ఊరు ఒళ్ళు విరుచుకుంటోంది. నిన్నటి బట్టలకొట్టు ఇవాళ షోరూమ్ అయింది, నిన్నటి షోరూమ్ పైన ఇంకో అంతస్తు లేచింది. లోపలి సరుకు కంటే పెట్టె సోకు ఎక్కువైన కాలం వచ్చింది. కొత్తగా తెరిచిన ఒక షోరూమ్ మేనేజరు వీళ్ళ పెట్టెను అటూ ఇటూ తిప్పి, మూత తీసి, మళ్ళీ పెట్టి, “బాగుందమ్మా. మీది ఏ కంపెనీ?” అన్నాడు.

“ఏ కంపెనీ కాదండీ, మేమే చేస్తాం,” అంది చిన్నది.

“అలా కుదరదు. మేం కంపెనీల దగ్గరే కొంటాం. బిల్లు ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి.”

బయటికొచ్చాక పెద్దది, “పోనీలే, మనకి చెప్పుల దుకాణం చాలు,” అంది. చిన్నది అప్పటికే దారిన పోయే ఒకాయన్ని ఆపి, కంపెనీలు ఎక్కడ రిజిస్టరు చేస్తారని అడుగుతోంది.

రిజిస్ట్రారు ఆఫీసుకు ఎదురుసందులో, జిరాక్సు దుకాణం మీద, ఆడిటరు గారి గది. దిగేవాళ్ళు దిగాకే ఎక్కేవాళ్ళు ఎక్కాల్సినంత ఇరుకు మెట్లు. గదికి అడ్డంగా ప్లైవుడ్ తడిక. ఇవతల ఆయన బల్ల, అవతల పాత ఫైళ్ళు, రెండు కుర్చీలు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, అదెక్కడుందని బల్లంతా వెతుక్కునే మనిషాయన. కంపెనీకి పేరేం పెడతారని అడిగారు.

“ప్రగతి అని పెడదామండీ,” అంది చిన్నది.

“ప్రగతి ఎప్పుడో అయిపోయిందమ్మా.”

“అభ్యుదయ?”

“అదీ లేదు. ‘నవ’తో మొదలయ్యేవన్నీ పోయాయి. వికాసం, ఉజ్వల, సమృద్ధి, ఏదీ మిగల్లేదు. పిల్లలక్కూడా జనం ఇంత తొందరపడి పేర్లు పెట్టట్లేదు.”

పెద్దది అంతవరకూ గోడకేసి చూస్తూ కూర్చుంది. “పోనీ పెద్దా చిన్నా అని పెట్టండి. అది ఇంకెవరూ పెట్టుకుని ఉండరు,” అంది మెల్లగా.

ఆడిటరు గారు రాసుకున్నారు. పెద్ద పెట్టెలూ చిన్న పెట్టెలూ చేస్తారు కాబోలు అనుకున్నారాయన. రిజిస్ట్రారు ఆఫీసువాళ్ళూ అలాగే అనుకున్నారు. పెద్దా చిన్నా పెట్టెల ప్రైవేట్ లిమిటెడ్ అన్న పేరు మొదటి దెబ్బకే ఖాయమైంది.

చిక్కు పేరు దగ్గర కాదు, వరస దగ్గర వచ్చింది. డైరెక్టర్లు ఒకరికొకరు ఏమవుతారో రాయాలట. “తోడికోడళ్ళం,” అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆడిటరు గారు చట్టం పుస్తకం తీసి, చుట్టాల జాబితా మీద వేలు జరుపుకుంటూ చదివారు. తండ్రి, తల్లి, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. “కోడలుందమ్మా. తోడికోడలు లేదు,” అన్నారు.

“లేకపోవడమేంటండీ? ఒకే ఇంట్లో ఉంటున్నాం,” అంది పెద్దది.

“ఇంట్లో ఉంటే ఉన్నారు. చట్టంలో లేరు.” ఆయన ఆ గడిలో ‘బంధుత్వం లేదు’ అని రాసేశారు.

పెద్దదానికి మనసు చివుక్కుమంది. ఇంత పుస్తకం రాసినవాళ్ళకి, వంటింట్లో సగం చాకిరీ పంచుకునే మనిషిని జాబితాలో చేర్చడానికి ఒక్క గీత ఖాళీ దొరకలేదన్నమాట. నన్నడిగితే ఆమె కోపం సబబే. అయినా ఏం చేస్తుంది, సంతకం పెట్టింది.

సర్టిఫికెట్ ఇంటికొచ్చిన రోజు చిన్నది దాన్ని అత్తగారికి చదివి వివరించింది. కంపెనీ అంటే చట్టం లెక్కలో అదీ ఒక మనిషేనట, మనం పోయినా అది పోదట, పద్ధతి ప్రకారం రద్దు చేస్తేనే పోతుందట. అత్తగారు అంతా శ్రద్ధగా విని, “అయితే దానిక్కూడా అన్నం పెట్టాలా?” అంది. కోడళ్ళు నవ్వారు, ఆమే ముందు నవ్వింది. నోరు కటువే గానీ సరదా లేని మనిషి కాదు.

పెట్టెలు బాగానే పోయాయి. గది చాలక వరండాలోకి, వరండా చాలక మేడమెట్ల కిందికి అట్ట పాకింది. పెద్దదాని భర్తకు సరుకుల ఆటో ఉంది. పెట్టెలు అందులో వేసుకుని షోరూమ్‌లో దింపి వచ్చేవాడు. “కంపెనీవారు కిరాయి ఎప్పుడిస్తారు?” అని భార్యను ఆటపట్టించేవాడు. “దరఖాస్తు పెట్టుకోండి, పరిశీలిస్తాం,” అనేది చిన్నది లోపల్నుంచి.

కానీ చిన్నదానికీ ఆమె భర్తకూ పొసగలేదు. మరిది చెడ్డవాడు కాదు, చిన్నది గయ్యాళీ కాదు. ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెం, అంతే. చివరికి కోర్టుకెక్కారు. అక్కడ వకీలు అడిగితే చిన్నది అత్తగారి నోటి సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పేసింది. విడాకుల కంటే ఆ మాటే అత్తగారికి ఎక్కువ తగిలింది. తనను పదిమందిలో బజారుకీడ్చిన మనిషి పేరు ఈ ఇంట్లో వినపడకూడదని ఒట్టు పెట్టినంత పని చేసింది. పెద్దకొడుకు తల్లి పక్షాన నిలబడ్డాడు. తల్లీ తమ్ముడూ ఒకవైపుంటే అతనింకెక్కడ నిలబడతాడు. మరిది మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. చిన్నది ఊరికి అవతలి కొసన ఒక గది అద్దెకు తీసుకుని, మిషన్ల మీద పెట్టెలు చేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. కొన్నాళ్ళకి షోరూమ్ కూడా ఆ మిషన్ పెట్టెలే కొనడం మొదలుపెట్టింది. వెనకగదిలో డబ్బాలోని జిగురు ఎండిపోయింది.

పెద్దదానికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. పోయింది చిన్నకొడుకు భార్య అని ఇంట్లోవాళ్ళ లెక్క. పోయింది తను మాట్లాడే ఒకే ఒక్క మనిషని ఎవరితో చెప్పుకుంటుంది? ఫోన్ చేద్దామంటే ఉన్న ఒక్క ఫోనూ హాల్లోనే, దాని పక్కనే అత్తగారి కుర్చీ. వెళ్ళి చూద్దామంటే ఏ వంక పెట్టి గడప దాటాలో తెలియదు.

అలాంటప్పుడు ఆడిటరు గారి దగ్గర్నుంచి కబురొస్తే వెళ్ళింది.

“వ్యాపారం లేదుగా అమ్మా, కంపెనీ మూసేద్దామా?” అన్నారాయన. “ఇద్దరూ సంతకాలు పెడితే దరఖాస్తు పంపేస్తాను. ఉంచుకున్నారంటే లేనిపోని బెడద. ఏటా లెక్కలు పంపాలి, ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి.”

“సమావేశమంటే?”

“వాటాదారులంతా కూర్చుని మాట్లాడుకోవాలి. మీకైతే ఇద్దరే ఇద్దరు.”

“ఇద్దరం రావాల్సిందేనా?”

“రావాలి మరి. ఒక్కరొస్తే కోరం ఉండదు. కోరం లేనిదే సమావేశం చెల్లదు.”

కోరం అనే మాట పెద్దది అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఇంత చక్కటి మాట ఇన్నాళ్ళూ తనకు తెలియకుండా ఎక్కడుందా అనుకుంది. “మూయొద్దండీ, ఉంచుదాం,” అంది. లేవబోతూ ఆగి, “చిన్నది మా ఇంట్లోంచి వెళ్ళిపోయింది కదా, కాగితాల్లో ఏమన్నా మార్చాలాండీ?” అని అడిగింది.

ఆయన ఫైలు తిరగేశారు. “ఏం అక్కర్లేదు. మొదట్నుంచీ మీకు బంధుత్వం లేదుగా.”

ఈసారి ఆమె మనసు చివుక్కుమనలేదు. చట్టం తమను చుట్టాలుగా ఒప్పుకోలేదు, కాబట్టి కోర్టు తెంచినవాటిలో తామిద్దరూ లేరు. మెట్లు దిగేటప్పుడు ఆమెకు నవ్వొచ్చింది.

ఇంటికొచ్చి అత్తగారి ముందు నిలబడి, కాపురానికొచ్చాక మొదటిసారి అబద్ధమాడింది. అదీ పూర్తి అబద్ధం కాదు, సగమే. కంపెనీ ఉంది గనక ఏటా సమావేశానికి ఇద్దరూ వెళ్ళి తీరాలనీ, లేకపోతే జరిమానా పడుతుందనీ చెప్పింది. మూసేసుకోవచ్చన్న రెండో సగాన్ని మింగేసింది.

“ఆ మనిషి పక్కన కూర్చోవాలా?” అంది అత్తగారు.

“చట్టం అత్తయ్యా.”

ఊళ్ళో ఎవరన్నా లెక్కలేని అత్తగారికి గవర్నమెంటు ముద్ర ఉన్న కాగితమంటే మాత్రం హడలు. “అయితే వెళ్ళిరా. కాస్త ఎడంగా కూర్చో,” అంది.

అలా మొదలయ్యాయి ఆ సమావేశాలు. భర్తే ఆటోలో తీసుకెళ్ళి జిరాక్సు దుకాణం ముందు దింపేవాడు. “ఎంతసేపు పడుతుంది?” అని అడిగేవాడు. “ఎజెండాని బట్టి ఉంటుందండీ,” అనేది. అతను ఆటోలోనే కునుకు తీసేవాడు, పాపం.

తడిక అవతల రెండు కుర్చీల్లో సభ కొలువుదీరేది. మొదటి అంశం, లెక్కల ఆమోదం. లెక్కలు లేవు గనక గొడవలూ లేవు. రెండో అంశం, డైరెక్టర్ల కొనసాగింపు. చిన్నది పెద్దదాన్ని కొనసాగించమనేది, పెద్దది చిన్నదాన్ని కొనసాగించమనేది, ఎదురు చెప్పేవాళ్ళుండరు. మూడో అంశం, అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు. అక్కడ పడేది బండి దారిలో. చిన్నది ఉండే ఇంటి యజమానురాలి పిసినారితనం, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు విగ్గు, పెద్దదాని పంటినొప్పి, పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ళు, అన్నీ ఇతర విషయాలే. తనకిక పిల్లలు పుట్టరని డాక్టరు చెప్పిన ఏడాది, ఇంట్లో ఎవరి ముందూ కన్నీటిచుక్క రాల్చని పెద్దది మూడో అంశం కింద వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నది ఆమె తల తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. తడిక ఇవతల ఆడిటరు గారు లేచి ఫ్యాను వేగం పెంచారు. మినిట్స్ పుస్తకంలో మాత్రం ఎప్పటిలాగే ‘ఇతర విషయాలు చర్చించడమైనది’ అని రాశారు.

ఇంటికి రాగానే అత్తగారు, “ఏమన్నారు మీటింగులో?” అనేది.

“లెక్కలే అత్తయ్యా.”

“ఆ మనిషి చిక్కిందా?”

“నేను సరిగ్గా చూళ్ళేదత్తయ్యా.”

“ఊఁ,” అని అత్తగారు మొహం తిప్పుకునేది. అడిగేది ఆమే, అడిగినందుకు చిరాకుపడేదీ ఆమే.

ఏళ్ళు గడిచాయి. ఊళ్ళో కంపెనీలు వానాకాలం పుట్టగొడుగుల్లా లేచాయి. కొన్ని నిజంగా పనిచేసేవి, కొన్ని బోర్డు తప్ప ఏమీ లేనివి. రిజిస్ట్రారు ఆఫీసు అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, పనిచెయ్యనివాటిని ఏరిపారేయడం మొదలుపెట్టింది. పెద్దా చిన్నా పెట్టెల కంపెనీకీ నోటీసు వచ్చింది. వ్యాపారమేమీ కనిపించడం లేదు గనక రిజిస్టరు నుంచి మీ పేరెందుకు కొట్టెయ్యకూడదో చెప్పమని దాని సారాంశం. కాగితాలు చూపిస్తే సరిపోదు, ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి చూస్తాడు. ఆ సమయానికి డైరెక్టర్లిద్దరూ కంపెనీ ఆఫీసులో ఉండాలి.

కంపెనీ ఆఫీసు అంటే అత్తగారి ఇల్లే.

కంపెనీ పోతే ఏటికి ఒక్కరోజూ పోతుంది. నిలబెట్టాలంటే చిన్నది ఆ గడప తొక్కాలి. ఆడిటరు గారి గదిలో ఇద్దరూ తలలు పట్టుకు కూర్చున్నారు. చిన్నదే ముందు తేరుకుంది. గడియారాలు బాగుచేసే ఒకాయనకి ఫ్యాక్టరీవాళ్ళు చెయ్యని కొలతల్లో కొన్ని పెట్టెలు కావాలట. “చేద్దామక్కా. పని ఉంటే వ్యాపారమే కదా,” అంది. పెద్దది వెనకగదిలో దుమ్ము దులిపి అట్టలు కోసి, నోటీసు పని వంకతో ఆడిటరు గారి గదిలో ఇచ్చి వచ్చేది. చిన్నది వాటిని తన గదికి తీసుకెళ్ళి మడిచి, జిగురు పెట్టేది. ఊరికి చెరో కొసనా కూర్చుని చేసినా, మూతలు ఎక్కడా బిగుసుకోలేదు, జారలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చే సంగతి ఇంట్లో చెప్పినప్పుడు భర్త, “ఆమె కూడా రావాలా?” అని మాత్రం అడిగాడు. అత్తగారు ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతేనే ఇంట్లో అందరికీ భయం.

చిన్నది చెప్పిన వేళకి వచ్చింది. చేతిలో పెట్టెల కట్ట. గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడిపోయింది. అత్తగారు తన కుర్చీలోంచి ఆమెను ఎగాదిగా చూసింది.

“కుర్చీ వెయ్యండి. ఆవిడ నిలబడ్డారు,” అంది గాల్లోకి. తర్వాత చిన్నదానికేసి చూడకుండా, “కూర్చోండి,” అంది.

తిట్టినా చిన్నది తట్టుకునేది. ఏమే చిన్నా అన్న నోటితోనే ‘మీరు’ అనిపించుకున్నాక ఆమె కళ్ళు చెమర్చాయి. కూర్చోలేదు. పెద్దది ఆమె చేతిలోని కట్ట అందుకుని వెనకగదిలోకి నడిచింది.

ఇన్‌స్పెక్టరు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. ఆ రోజు ఆయన చూడాల్సిన కంపెనీలు ఇంకా బోలెడున్నట్టున్నాయి. సగానికి సగం అడ్రసులే దొరకడంలేదని విసుక్కుంటూ, ఇక్కడ అడ్రసూ డైరెక్టర్లూ ఇద్దరూ ఉన్నందుకు కాస్త సంతోషించాడు. వెనకగది చూశాడు. కోత బల్ల, ఇనుప స్కేలు, కొత్త జిగురు డబ్బా చూశాడు. ఒక పెట్టె మూత తీసి పెట్టి, “బాగా చేశారే,” అన్నాడు. తర్వాత చివరి బిల్లు చూపించమన్నాడు, అంతకుముందు ఏడాది బిల్లు చూపించమన్నాడు. తోడికోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అమ్మా, ఏమీ అనుకోకండి. ఇది వ్యాపారం కాదు,” అన్నాడాయన మెత్తగానే. “ఇన్నేళ్ళూ ఏమీ లేకపోతే మీరే దరఖాస్తు పెట్టి మూసేసుకోవచ్చుగా? మీ ఆడిటరు చెప్పలేదా?”

గుమ్మంలో అత్తగారు, ఆమె వెనక పెద్దదాని భర్త నిలబడి ఉన్నారు.

“మూసేసుకోవచ్చా?” అంది అత్తగారు. “చట్టం ఒప్పుకోదంది కదా ఇది?”

“ఎందుకు ఒప్పుకోదండీ? రెండు సంతకాల పని.”

భర్త మొహం పాలిపోయింది. పెద్దది నీళ్ళు నమలలేదు. ఎందుకో ఆ క్షణంలో ఆమెకు భయమే వెయ్యలేదు. ఇన్‌స్పెక్టరు తన కాగితం మీద కలం ఆనించి, “మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఉంచారమ్మా? కారణం రాసుకోవాలి,” అన్నాడు.

“మేమిద్దరం కలుసుకోవడానికండీ,” అంది పెద్దది.

“అంటే?”

“ఏడాదికోసారి మీటింగుంటుంది కదండీ. ఇద్దరం ఉంటే తప్ప కోరం కాదు. అందుకని.”

ఆయన కలం కదల్లేదు. తన ఉద్యోగంలో పన్ను ఎగ్గొట్టడానికి నడిపిన కంపెనీలను చూశాడు, బ్యాంకులను ముంచడానికి నడిపినవి చూశాడు. దీన్ని ఏ గడిలో రాయాలో తోచినట్టు లేదు. ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నిజంగానే అర్థంకాక అడిగాడు.

“దానికి కంపెనీ ఎందుకమ్మా?”

ఆయన కాక ఆ గదిలో నలుగురున్నారు, ఒక్కరూ జవాబు చెప్పలేదు.

ఆయన వెళ్ళిపోయాడు. చిన్నది పెట్టెల కట్ట చంకన పెట్టుకుని, అత్తగారికి నమస్కారం పెట్టి, తనూ వెళ్ళిపోయింది. అత్తగారు వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

“గవర్నమెంటు పేరు చెప్పి నన్ను హడలగొట్టావన్నమాట,” అంది.

“తప్పే అత్తయ్యా.”

“దాన్ని చూడాలనుందని నన్నడిగితే నేనేమన్నా మింగేస్తానా?”

పెద్దది ఆలోచించింది. ఇన్నేళ్ళలో ‘ఊఁ’ అనో ‘ఆఁ’ అనో దాటేసిన జవాబులన్నీ గుర్తొచ్చాయి. “వద్దనేవారు అత్తయ్యా,” అంది.

అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికెళ్ళి పడుకుంది. భర్త కోపం వేరే రకం. “ఎండలో ఆటోలో కూర్చున్నాను కదే, ఏటా,” అన్నాడు. “నాకు చెప్పొచ్చుగా?” ఆ మాటకు మాత్రం పెద్దదానికి ఏడుపొచ్చింది. అతనితో చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ అంటుంది. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు అతను పొడిపొడిగా మాట్లాడాడు. ఆమె భరించింది.

కొన్ని వారాలకు రిజిస్టరు నుంచి పేరు కొట్టేశారు. ఆడిటరు గారు ఆ ఉత్తర్వు జిరాక్సు పంపించారు. పెద్దా చిన్నా పెట్టెల ప్రైవేట్ లిమిటెడ్ ఇక లేదు. దానికోసం ఎవరూ ఏడవలేదు గానీ, పెద్దది రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఏ పని చేస్తున్నా ఆ ఇన్‌స్పెక్టరు అడిగిన మాటే బుర్రలో తిరుగుతోంది. జవాబు చెప్పలేకపోయిన సిగ్గు ఒకవైపు, జవాబు చెప్పడానికి అసలేమీ లేదన్న సంగతి ఇంకోవైపు.

ఒక ఆదివారం పొద్దున పనులన్నీ అయ్యాక, చీర మార్చుకుని, అత్తగారి కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

“అత్తయ్యా, చిన్నదాన్ని చూసొస్తాను.”

అత్తగారు కిటికీలోంచి చూపు తిప్పలేదు. “మీటింగా?”

“కంపెనీ లేదుగా అత్తయ్యా.”

ఆమె వెళ్ళమనలేదు, వద్దనలేదు. పెద్దది ఇక ఆ మాట కోసం ఆగదలచుకోక బయటికి నడిచింది. వాకిట్లో భర్త ఆటో కడుగుతున్నాడు. “దింపనా?” అన్నాడు నేలకేసి చూస్తూ. “వద్దండీ, బస్సులో వెళ్తాను,” అంది. కసిరినట్టు కాదు, ప్రేమగానే అంది. ఈ ఒక్కసారి తనంతట తను వెళ్ళాలనుంది.

రెండు బస్సులు మారింది. చిన్నది ఉండే ఇల్లు ఎన్నడూ చూడలేదు గానీ, దాని గురించి విననిది లేదు. ఆకుపచ్చ గేటు, పిసినారి యజమానురాలు దీపం పెట్టని మెట్లు, రెండో అంతస్తులో చివరి తలుపు. తలుపు కొట్టి, కొంగు సరిచేసుకుంది.

చిన్నది తడిచేతులతోనే తీసింది. చూసి, కొయ్యబారిపోయింది.

“ఏంటక్కా? ఏమైంది? అత్తయ్యకి బాగానే ఉందా?”

“బాగానే ఉంది.”

“మళ్ళీ నోటీసేమన్నా వచ్చిందా? సంతకం కావాలా?”

“ఏమీ రాలేదు.”

“మరి ఎందుకొచ్చావక్కా?”

పెద్దది లోపలికి అడుగు పెట్టింది.

“ఊరికే వచ్చాను,” అంది.